పొడుగు రంధ్రం

ధర్మవరం,
2 ఫిబ్రవరి 2003.

ముత్యాలప్ప మామకు,
హేమావతి నమస్కారాలు.

నాయన రెండో ఏడు తద్దినం నాడు మీరు పెనుకొండ నుంచి వచ్చి, అమ్మ చేతిలో అరటిపండ్లు, నా చేతిలో ఒక బిస్కెట్ డబ్బా పెట్టి పోయారు. డబ్బా నిండా ఇంగ్లండు స్టాంపులు. అన్నిట్లోనూ ఒకే రాణి, ఒకే తల, ఒకే వైపు చూపు. “ముప్పై ఏండ్లు తపాలా సార్టింగులో కూచున్నోణ్ని. ఇవన్నీ వేరేవేరే అని నాకు తెలుసు. నీకు కండ్లుంటే నీకూ తెలుస్తాది” అన్నారు. నాకు కండ్లున్నాయా అని అడిగితే నేను ఊరుకోను. అందుకే ఈ ఉత్తరం.

నేను చేసే పని మీకు తెలుసు. గ్రాఫు కాగితం మీద చీర అంచు బొమ్మ చూసి, మగ్గానికి ఎక్కే జకార్డు అట్టల్లో రంధ్రాలు కొడతాను. రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క రంధ్రం తప్పు కొడితే ఆ తప్పు చీర పొడవునా నడుస్తుంది, షావుకారు తిట్లు వారం పొడవునా నడుస్తాయి. కాబట్టి రంధ్రాల విషయంలో నన్ను ఎవరూ మోసం చేయలేరు.

మీరు డబ్బాలో పెట్టిన స్టాంపుల కేటలాగు జిరాక్స్‌ను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. పదో తరగతితో ఆగిన చదువైనా ఆగిన చోట తుప్పు పట్టలేదు. అందులో అంచు రంధ్రాలు అడ్డం 15, నిలువు 14 అని ఉంది. నాలుగు అతుక్కుని ఉన్న ముక్క ఒకటి తీసుకుని, దారాలు లెక్కపెట్టే మా భూతద్దం కింద పెట్టి లెక్కపెట్టాను. అడ్డం 19. నిలువు 18కి కొంచెం తక్కువ. మూడు రోజులు, మూడుసార్లు. కేటలాగు రాసినవాడు తాగి రాశాడా, లోకంలో ఎక్కడా లేని స్టాంపు నాకు దొరికిందా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి. మీకు ఫోనులో వినపడదు కాబట్టి రాసి పంపండి.

హేమావతి.


పెనుకొండ,
9 ఫిబ్రవరి 2003.

చిరంజీవి హేమావతికి,
ముత్యాలప్ప ఆశీస్సులు.

కేటలాగు రాసినవాడు తాగలేదు. నీకు వింత స్టాంపూ దొరకలేదు. నువ్వు లెక్కపెట్టింది అంగుళానికి. మగ్గాల ఊళ్లో పుట్టినదానివి, ఏది కనబడినా అంగుళానికి ఎన్ని అని చూస్తావు. స్టాంపు లోకంలో రెండు సెంటీమీటర్లకు ఎన్ని రంధ్రాలో చూస్తారు. స్కేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టు. 15, 14 వస్తుంది. ఉత్తరం రెండుసార్లు చదువుకుని నవ్వుకున్నాను. ఈ మధ్య నవ్వడానికి పెద్దగా ఏమీ రావడం లేదు.

ఇంకొక పాఠం. స్టాంపును కంటికి సమానంగా ఎత్తి, కిటికీ వెలుగు వైపు ఏటవాలుగా పట్టుకో. పట్టుచీరను తిప్పి రెండు రంగులు చూస్తావే, అట్లా. రాణి తలకు అటూ ఇటూ మెరుపు లేని పట్టీలు నిలువుగా కనబడతాయి. కొన్నిట్లో రెండు, కొన్నిట్లో నడుమ ఒక్కటే, కొన్నిట్లో అసలుండవు. అక్కడ యంత్రం ఆ పట్టీని చూసి కవర్లు వేరు చేస్తుందట. ఇక్కడ ఆ పని ముత్యాలప్ప చేసేవాడు. ముద్రించేటప్పుడు పొరపాటున ఒక పట్టీ తప్పిపోతే, ఆ స్టాంపు కోసం నాలాంటి వాళ్లు ఊళ్లు తిరుగుతారు.

మీ నాయన వెంకటేశులుకు ఇవన్నీ ఎన్నోసార్లు చెప్పాను. “అన్నీ ఒకే రాణి కదప్పా” అని నవ్వేవాడు. అంచులో ఒక్క దారం తేడాను పది అడుగుల దూరం నుంచి పట్టేవాడు, స్టాంపును మాత్రం ఎప్పుడూ సరిగా చూడలేదు.

నా కేటలాగు 1987 నాటిది. ఆ తర్వాత ఏం వచ్చాయో నాకు తెలియదు. తెలిసిన వరకు చెబుతాను.

ముత్యాలప్ప.


ధర్మవరం,
15 జూన్ 2003.

ముత్యాలప్ప మామకు,

అట్టలు ఇవ్వడానికి బెంగుళూరు పోయినప్పుడు అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద 1999 కేటలాగు దొరికింది. అట్ట లేదు, లోపల పుటలన్నీ ఉన్నాయి. ఇప్పుడు మీకంటే నాకు పన్నెండేళ్లు ఎక్కువ తెలుసు.

మీకు తెలియనిది ఇది. 1993 నుంచి ఇంగ్లండువాళ్లు ఈ రాణి స్టాంపుల నిలువు అంచుల్లో, చుట్టూ గుండ్రటి రంధ్రాల మధ్య ఒక్కటి పొడుగు రంధ్రం కొట్టారు. నకిలీ స్టాంపులు రాకుండా అట. అటొకటి ఇటొకటి. వడ్లగింజంత ఉంటుంది. మీ డబ్బాలో అట్లాంటివి నలభై ఒకటి ఉన్నాయి. పొడుగు రంధ్రం ఉంటే 1993కి ముందుది కాదు. అంతే. దీనికి పట్టీలూ వద్దు, కిటికీ వద్దు. నా చేతివేలికే తెలుస్తుంది. ఇది మా పనిలాంటి పని. నాకు నచ్చింది.

రెండో సంగతి నాకు నచ్చనిది. మీకు దుర్గాప్రసాద్ తెలుసు కదా, నాయన చివరిదాకా పనిచేసిన షాపు ఆయనదే. నేతగాళ్ల సంఘంవాళ్లు ఊళ్లోని పాత అంచులన్నీ పుస్తకంలో ఎక్కిస్తున్నారు, ఎవరు గీశారో పేరుతో సహా. ఊడల అంచును దుర్గాప్రసాద్ తన పేరుతో ఇచ్చాడు. శనక్కాయ మొక్క పూత నుంచి నేలలోకి దిగే ఊడలు ఉంటాయే, అవి వరుసగా దిగుతూ, ప్రతి ఎనిమిదో ఊడ నేలను తాకకుండా ఆగిపోయే అంచు. నాయన నల్లమాడ చేలల్లో పెరిగినవాడు. ఎనిమిదోది ఎందుకు ఆగుతుందని అడిగితే “వాన రాలేదు మేయ్” అన్నాడు. ఆ మాట దుర్గాప్రసాద్‌ను అడగండి, చెప్పలేడు. ఇప్పుడు హిందూపురం మరమగ్గాల మీద కూడా అదే అంచు గజాలకొద్దీ దిగుతోంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అంచు గీసి కొట్టినవాడు మొదటి అట్ట మీద పేరు రాస్తాడు. ఆ అట్ట నేతలోకి పోదు. మగ్గం ఎక్కి చూసినవాడికి తప్ప ఎవరికీ కనబడదు. నాయనకు ఉన్నదల్లా ఆ పేరే. దుర్గాప్రసాద్ దగ్గరున్న ఊడల అంచు అట్టల కట్టలో మొదటి అట్ట లేదు. కొత్త తాడుతో కుట్టి ఉంది.

నాయన ఆ షాపులో చేరింది 1990లో. అంచు అంతకు ముందుదైతే నాయనది, తర్వాతదైతే షాపుది. సంఘం అధ్యక్షుడు జయప్రకాష్ ఈ మాట తేల్చి చెప్పాడు. “తేదీ ఉండే కాయితం తే పాపా, రాసేస్తాం. ఏడుపు వద్దు” అన్నాడు. నేను ఏడవలేదు. ఆయన బల్ల మీద గుద్దాను, అంతే.

కాయితం ఉంది. 1988లో మగ్గాలు చూడడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన మిస్ పార్కిన్‌కు నాయన మరుసటి ఏడు ఊడల అంచు ముక్క పంపాడు. ఆమె జవాబు రాసింది, అంచు బొమ్మ గీసి మరీ. 1989 అని నాయన ఎప్పుడూ చెప్పేవాడు. అమ్మ పెట్టెలో కవరుతో సహా ఉంది. రేపు తీస్తాను.

హేమావతి.


పెనుకొండ,
20 జూన్ 2003.

చిరంజీవి హేమావతికి,

పొడుగు రంధ్రం సంగతి నాకు తెలియదు. నా కేటలాగులో లేదు.

ఆ కవరును ఎక్కువగా తాకవద్దు. పాత కాగితం. ఉత్తరం ఉంది కదా, సంఘానికి ఉత్తరం చాలు. కవరుతో పనేముంది?

నేను కొద్దిరోజులు హిందూపురంలో మా కూతురు రమాదేవి ఇంట్లో ఉంటాను. ఏమైనా రాస్తే ఆ చిరునామాకు రాయి. కాళ్లనొప్పులు.

ముత్యాలప్ప.


ధర్మవరం,
6 జూలై 2003.

ముత్యాలప్ప మామకు,

ఉత్తరం చాలదు. మిస్ పార్కిన్ పైన ‘గురువారం’ అని మాత్రమే రాసింది. తేదీ లేదు, ఏడు లేదు. వాళ్ల అలవాటట. లోకంలో ఒక్క గురువారమే ఉన్నట్టు.

కవరు మీద యాభై పెన్నీల గోధుమరంగు స్టాంపు ఒకటే. ముద్ర సగం కవరు మీద, సగం స్టాంపు మీద. కవరు మీద ‘14 N’ వరకు చదవగలిగాను. నెల N తో మొదలవుతుంది కాబట్టి నవంబరు. ఏడు స్టాంపు మీద ఉండాలి. అక్కడ మసి తప్ప ఏమీ లేదు.

స్టాంపు అంచు వేలితో తడిమాను. పొడుగు రంధ్రం ఉంది. రెండు వైపులా.

ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు. ఈ ఊళ్లో ఎవరికీ అర్థం కాదు కూడా. ఈ కవరు 1993కి ముందుది కాదు. అంటే నాయన షాపులో చేరిన తర్వాతది. అంటే దుర్గాప్రసాద్ చెప్పిందే నిజం, నాయన చెప్పింది కాదు. ఇరవై మూడేళ్లలో ఆయన నాకు చెప్పిన అబద్ధం ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా అని రెండు వారాలుగా లెక్కపెడుతున్నాను. మొన్న అట్ట ఒకటి తప్పు కొట్టాను. నాలుగేళ్లలో మొదటిసారి.

నాయన మీతో అన్నీ చెప్పుకునేవాడు. ఈ అంచు ఎప్పటిది? మీకు తెలిసింది తెలిసినట్టు రాయండి. నన్ను ఊరడించవద్దు.

హేమావతి.


హిందూపురం,
27 జూలై 2003.

చిరంజీవి హేమావతికి,

జవాబు ఆలస్యమైంది. మీ నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అంచు 1989దే. అది నాకు తెలుసు.

కవరు చూపించు. ‘14 N’ ఉంది, మిగతా మసి. మీ అమ్మ 1989 అని చెబుతుంది. నేనూ వచ్చి చెబుతాను. తపాలా శాఖలో చేసిన మనిషి చెబితే జయప్రకాష్ నమ్ముతాడు. పొడుగు రంధ్రం సంగతి ధర్మవరంలో ఎవరికి తెలుసు? నువ్వు చెప్పకపోతే ఎవరూ అడగరు. నిజం కోసమే కదా, చిన్న విషయం పక్కన పెట్టడంలో తప్పులేదు.

ఇక్కడ వీధివీధినా మరమగ్గాల చప్పుడు. రమాదేవి పిల్లలు నాతో కన్నడం కలిపి మాట్లాడతారు, “తాతా, దుడ్లు కొడు” అని డబ్బులు అడుగుతారు. రోజులు గడుస్తున్నాయి.

ముత్యాలప్ప.


ధర్మవరం,
10 ఆగస్టు 2003.

ముత్యాలప్ప మామకు,

రంధ్రం చిన్న విషయం ఎట్లా అయింది? అంగుళానికి లెక్కపెట్టానని నన్ను చూసి నవ్వినవాడివి నువ్వు. ఇప్పుడు లెక్కే పెట్టొద్దంటావు. మీరు అని రాయాలని మొదలుపెట్టాను, చేయి ఒప్పుకోలేదు.

నాయన అబద్ధం చెప్పలేదు అన్నావు. స్టాంపు కూడా అబద్ధం చెప్పదు. రెండూ నిజమైతే మూడోది ఏదో అబద్ధం. అదేదో తేల్చుదామని ఆదివారం పొద్దున కవరు, భూతద్దం తీసుకుని గడప మీద ఎండలో కూర్చున్నాను.

ఒకటి. కవరు మీద ముద్ర ఎడమ సగం ఉంది. స్టాంపు మీద కుడి సగం ఉంది. రెండూ కలిస్తే ఒకే గుండ్రం కావాలి. కావడం లేదు. కవరు మీది గీత సన్నం, స్టాంపు మీది లావు. ఒక చీర అంచు తెచ్చి ఇంకో చీర ఒంటికి అతికితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఇది చూడడానికి ఇన్ని వారాలు పట్టింది నాకు. రంధ్రం చూసిన కోపంలో మిగతాది చూడలేదు.

రెండు. స్టాంపు ఒక మూల లేచి ఉంది. వెనక ఉన్నది స్టాంపుకు వచ్చే సన్నటి బంక కాదు. మా ఇంట్లో అట్టలకు పూసే మైదా కూడా కాదు. పసుపుపచ్చగా, గాజులాగ పెళుసుగా రాలుతోంది. ఆ బంక నేను ఎక్కడ చూశానో నీకు తెలుసు. ఏ పోస్టాఫీసుకు పోయినా కౌంటరు మీద డబ్బాలో ఉంటుంది.

మూడు. అమ్మను అడిగాను. “ఆ కవరు ఎప్పుడైనా ఇంట్లో నుంచి పోయిందామ్మా?” అంటే, “పెనుకొండకు పోయినాది ఒకసారి. తొంభై ఆరులో. ముత్యాలప్పన్నతో ఇంగ్లీషు చదివించుకుంటానని మీ నాయన ఎత్తుకపాయె. వారం ఆణ్ణే ఉండె” అంది.

నేను ఇంకేమీ రాయను. నువ్వు రాయి.

హేమావతి.


హిందూపురం,
31 ఆగస్టు 2003.

హేమావతికి,

నువ్వు లెక్కపెట్టింది సరిగ్గానే ఉంది.

1996 వేసవిలో మీ నాయన ఆ కవరు తెచ్చాడు. ఉత్తరం చదివి అర్థం చెప్పాను. ‘నీ ఎనిమిదో ఊడ నన్ను వదలడం లేదు’ అని ఆమె రాసిన వాక్యం మూడుసార్లు చదివించుకున్నాడు. ఇంకోసారి తీరిగ్గా చదువుతాను, వదిలి పొమ్మన్నాను. ఆయన పోయాక స్టాంపును వెలుగుకు ఎత్తి చూశాను. కుడివైపు పట్టీ ఉంది, ఎడమవైపు లేదు. ముద్రణలో తప్పిపోయింది. ముప్పై ఏళ్లు ఊరందరి స్టాంపులూ నా చేతుల మీదుగా పోయాయి. అందులో ఒక్కటీ నాది కాదు. దీన్ని వదలలేకపోయాను.

గంజి ఆవిరి పట్టి ఊడదీశాను. నా దగ్గరున్న వాటిలో అదే రంగు, అదే రేటు, ముద్ర వంపు ఇంచుమించు అటే ఉన్నది వెతికి బంకతో అంటించాను. మీ నాయన వారానికి వచ్చి తీసుకుపోయాడు. చూడలేదు. చూడడని తెలిసే చేశాను. ఇద్దరం టీ తాగాం.

నేను అంటించినదానిలో పొడుగు రంధ్రం ఉందని నీ జూన్ ఉత్తరం చదివిన రోజు తెలిసింది. ఏడేళ్లు అది నా కంటికి గుండ్రంగానే కనబడింది.

స్టాంపు తీసుకోవడం ఒక తప్పు. అది పాతది. జూలైలో నువ్వు నాయన అబద్ధం చెప్పాడా అని అడిగినప్పుడు, ఎందుకు అట్లా కనబడుతోందో తెలిసి కూడా నేను చెప్పలేదు. ఇది కొత్తది. మొదటిదానికి ఆశ అని పేరు పెట్టవచ్చు. రెండోదానికి నా దగ్గర పేరు లేదు.

అసలు స్టాంపు నా ఆల్బంలో పన్నెండో పుటలో ఉంది. దాని మీద ముద్ర మిగతా సగం శుభ్రంగా ఉంది. ‘O 89’. అక్కడ నవంబరును NO అని రెండక్షరాల్లోనే కొడతారు, నీ కవరు మీది ‘14 N’కు అది కలుస్తుంది. పెనుకొండ పోయి తీసి రిజిస్టరు పోస్టులో పంపుతాను. ఉత్తరం మడతలో దొరికిందని చెప్పు. నా పేరు రాకుండా ఉంటే మేలు. రమాదేవి అత్తగారివాళ్లది కూడా ధర్మవరమే, నీకు తెలుసు.

ముత్యాలప్ప.


ధర్మవరం,
7 సెప్టెంబరు 2003.

ముత్యాలప్ప మామకు,

పోస్టులో పంపొద్దు.

మడతలో దొరికిందని చెబితే ఏమవుతుందో చెబుతాను, విను. దుర్గాప్రసాద్ లేస్తాడు. “ఈ పిల్ల రాత్రింబగళ్లు స్టాంపులు ముందరేసుకుని కూచుంటాదంట, యాడి స్టాంపో తెచ్చి అంటిచ్చినాది” అంటాడు. నిజమే అనిపిస్తుంది కూడా. నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, అది ఇచ్చింది నువ్వే. కవరు మీద ఒక స్టాంపు, నా చేతిలో ఒక స్టాంపు. రెండూ ఒకే రాణి. ఏది ముందు ఉండేదో చెప్పగలిగింది ఊడదీసినవాడు ఒక్కడే.

నీ పేరు రాకుండా నాయన పేరు రాదు. ఇందులో నా కోపం లేదు, లెక్క ఇది. కోపం వేరే ఉంది. దాన్ని ఉత్తరంలో పెడితే బరువెక్కి ఇంకో స్టాంపు అడుగుతుంది.

రమాదేవి అక్క సంగతి ఆలోచించాను. నాకూ కష్టంగానే ఉంది. కానీ నాయన రెండు నెలలు నా కళ్ల ముందు దొంగగా నిలబడ్డాడు, మాట్లాడడానికి ఆయన లేడు. నువ్వు ఉన్నావు.

సంఘం కూర్చునేది అక్టోబరు 5, ఆదివారం, పదకొండు గంటలకు. పెనుకొండ నుంచి ఎనిమిది బస్సు ఎక్కితే సరిపోతుంది. ఆల్బం పుట చింపకుండా ఆల్బంతోనే తీసుకురా. రాకపోతే నేను కవరు ఎత్తి పెట్టి, పొడుగు రంధ్రం సంగతి నేనే చెప్పి, ఓడిపోయి వస్తాను. తెలిసిన రంధ్రాన్ని మూసి గెలవడం నాకు చేతకాదు.

హేమావతి.


ధర్మవరం,
12 అక్టోబరు 2003.

ముత్యాలప్ప మామకు,

నువ్వు టీ కూడా తాగకుండా బస్టాండుకు పోయావు. మినిట్స్ పుస్తకంలో నీ సంతకం పడకుండా మిగిలిపోయింది. జయప్రకాష్ నన్నే నకలు రాసి పంపమన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాశాను, చదివి సంతకం పెట్టి పంపు.

‘పెనుకొండ నివాసి, రిటైర్డు తపాలా ఉద్యోగి ముత్యాలప్ప సభలో చెప్పినది: ఈ కవరు మీది స్టాంపు 1996లో నేనే ఊడదీశాను. ఇప్పుడున్నది నేనే అంటించాను. వెంకటేశులుకు గానీ ఆయన భార్యాబిడ్డలకు గానీ తెలియదు.

దుర్గాప్రసాద్: ఏమప్పా, పించను చాలక కవర్లు వొలుస్తాండావా?

ముత్యాలప్ప: చాలక కాదప్పా. ఆశ.

దుర్గాప్రసాద్: ఇప్పుడు మాత్రం నిజం చెప్తాండావని ఏం నమ్మకం?

ముత్యాలప్ప: నన్ను నమ్మొద్దు. గుండ్రాన్ని చూడండి.

తర్వాత ఆల్బంలోని స్టాంపును కవరు మీద ఆనించి భూతద్దంతో సభ్యులు ఒక్కొక్కరే చూశారు. ముద్ర కలిసింది. తేదీ 14 నవంబరు 89.’

మినిట్స్‌లో రాయనివి రెండున్నాయి. సభలో అందరికంటే పెద్ద నేతగాడు కదిరప్ప తాత చూసేటప్పుడు భూతద్దం పక్కన పెట్టి, గోరుతో గుండ్రం చుట్టూ తిప్పి, “దారం తెగలా” అన్నాడు. ఆ మాటతో అయిపోయింది. దుర్గాప్రసాద్ లేచి చెప్పులేసుకున్నాడు. నువ్వు పోయాక ఎవరో నీ మీద జోకు వేశారు. నేను నవ్వలేదు, తిట్టనూ లేదు. అది నీది, నువ్వే మోసుకో.

అంచు పుస్తకంలో నాయన పేరు ఎక్కింది. దుర్గాప్రసాద్ షాపులోని కట్టకు కొత్త మొదటి అట్ట కుట్టాలని తీర్మానం. నేనే పోయి మగ్గం ఎక్కి కుట్టి వచ్చాను. పేరు పెన్నుతో రాయలేదు. రంధ్రాలతో కొట్టాను.

అసలు స్టాంపు కవరు మీదికి పోయింది, కవరు సంఘం బీరువాలోకి పోయింది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నీ ఆల్బంలో పన్నెండో పుట ఖాళీగా ఉంటుంది. నువ్వు అంటించిన స్టాంపును తడిగుడ్డతో ఊడదీసి, బంక కడిగి, ఆరబెట్టి ఈ కవరులో పెడుతున్నాను. ఆ ఖాళీలో దీన్ని అంటించు. కింద అది ఏమిటో రాయి. కేటలాగులో రాసినట్టు, పొల్లు మాట లేకుండా.

బిస్కెట్ డబ్బా నా దగ్గరే ఉంది. తిరిగి పంపాలా వద్దా అనేది నువ్వు రాసినదాన్ని చూసి చెబుతాను.

హేమావతి.


పెనుకొండ,
19 అక్టోబరు 2003.

హేమావతికి,

సంతకం చేసిన కాగితం లోపల పెట్టాను. పన్నెండో పుటలో అంటించి, కింద రాసినది ఇది:

‘50 పెన్నీలు, గోధుమరంగు. రెండు పట్టీలు. రంధ్రాలు 15 x 14. ధర్మవరం అంగుళానికి 19 x 18. నిలువు అంచుల్లో పొడుగు రంధ్రం ఉంది కాబట్టి 1993కి ముందుది కాదు. 1996లో ముత్యాలప్ప దొంగతనంగా వెంకటేశులు కవరు మీద అంటించాడు. 2003లో హేమావతి గుర్తుపట్టింది. విలువ లేదు. అమ్మకానికి కాదు.’

తప్పులుంటే దిద్ది పంపు.

ముత్యాలప్ప.


ధర్మవరం,
26 అక్టోబరు 2003.

ముత్యాలప్ప మామకు,

ఒక తప్పుంది. నిలువు 18 కాదు, 18కి కొంచెం తక్కువ. ఫిబ్రవరిలోనే రాశాను. దిద్దుకోండి.

డబ్బా నా దగ్గరే ఉంచుకుంటాను. ఇంకా మూడొందల స్టాంపులు చూడాల్సి ఉంది.

హేమావతి.